గౌరీపతి వంతు

…ఆవిడకేం తెలుస్తుంది కనుక, కాసేపట్లో మరిచిపోతుంది, అసలు మరిచిపోవడానికైనా ముందు తెలియాలి కదా, అని గౌరీపతి తనకు తాను చెప్పుకుంటున్నాడు. చాలా రోజులుగా చెప్పుకుంటున్న మాటే. మొదట్లో అది సమాధానంలా ఉండేది. ఇప్పుడు నమిలి నమిలి చప్పబడిన చెరుకుపిప్పిలా ఉంది. అయినా ఉమ్మెయ్యలేకపోతున్నాడు.

పడవబస్సు రేవులో ఆగి ఉంది. సముద్రం కాకినాడ పాత మెయిన్ రోడ్డు మీదకు వచ్చి స్థిరపడిపోయాక దుకాణాల మేడమెట్లే రేవుమెట్లయ్యాయి. ముందు సీట్లో కిటికీ పక్కన అతని అత్తగారు కామేశ్వరమ్మ కూర్చుంది. పక్కనే ఆవిడ చెయ్యి పట్టుకుని ఇందుమతి, గౌరీపతి భార్య. పొద్దున్నే తల్లికి తల దువ్వి, నెరిసిన జుట్టును చక్కగా ముడివేసింది ఆమె. ఆ ముడి కింద, మెడ వెనుక, చింతగింజంత బిళ్ళ ఒకటి ఉందని ఆమెకు తెలియదు. ఇందుమతి చెప్పులు తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు గౌరీపతి అంటించాడు. అది అతని వంతుబిళ్ళ. అతని మెడ మీద ఉండవలసినది.

ఆ రోజుల్లో కుంగుబాటుకు మందు మనిషే. జబ్బుపడ్డ మనిషికి చెవి వెనుక చర్మం కింద మూలబిళ్ళ ఒకటి అమర్చేవారు. అయినవాళ్ళు నలుగురైదుగురు మోస్తామని ముందుకొచ్చి వంతుబిళ్ళలు తీసుకునేవారు. రోజూ ఒక నియమిత సమయంలో, మూలం నుంచి ఆ బరువు కొంచెం కొంచెంగా ఈ నలుగురిలోకీ దిగేది. ఒక్కరిని మంచం పట్టించే దుఃఖం నలుగురికి పంచితే ఎవరినీ పడెయ్యదు. సూత్రం అంతే. ఆసుపత్రుల్లో ఆ వార్డులు ఖాళీ అయ్యాయి. పిచ్చి అనే మాట సినిమాల గురించీ క్రికెట్టు గురించీ చెప్పుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది. జబ్బుపడ్డందుకు సిగ్గుపడేవాళ్ళు లేరు. మోసేవాళ్ళకు గౌరవం. పెళ్ళి ఫొటోల్లో కాలరు కిందికి మడిచి, బిళ్ళ కనబడేలా నిలబడేవారు.

సిగ్గు మాత్రం పోలేదు. ఇల్లు మారిందంతే. మొయ్యలేనివాడి ఇంట్లో చేరింది.

"పిన్నిగారూ, కిటికీ అద్దం దింపనా? గాలొస్తుంది," అని చుక్కాని దగ్గర్నుంచి కేకేసింది సుభాషిణి. గౌరీపతి అక్క. జగన్నాథపురం నుంచి ఈ పడవ నడిపేది ఆమే. రెండేళ్ళ కిందట గోడవైపు తిరిగి పడుకుని, దువ్వెన పట్టుకోవడానికి చెయ్యి లేవడం లేదని మెల్లగా చెప్పిన మనిషి. ఆమె భర్త, కూతురు హారిక, తోటి డ్రైవరు ఒకామె, గౌరీపతి, ఈ నలుగురే ఆమె వంతుదార్లు.

కామేశ్వరమ్మ అల్లుడి వైపు తిరిగింది. "కండక్టరుగారూ, మాకు టికెట్లు ఇచ్చారా?"

"ఇచ్చానండీ," అన్నాడు గౌరీపతి.

"అమ్మా, ఆయన మీ అల్లుడు," అంది ఇందుమతి.

"అల్లుడైతే మాత్రం? టికెట్టు టికెట్టే." ఆవిడ కాసేపు నీళ్ళకేసి చూసింది. ఉన్నట్టుండి మొహం మారిపోయింది. కళ్ళు నిండాయి. "ఇందూ, ఎవరో పిల్ల ఏడుస్తోందే. పక్క గదిలో. తలుపు తియ్యవే."

"ఇది పడవమ్మా. గదుల్లేవు."

"అయితే ఆపమను. పాపం, అన్నం తిన్నట్టు లేదు." ఆవిడ ఒళ్ళో పెట్టుకున్న శాలువాను చిన్నగా నిమరడం మొదలుపెట్టింది. "ఊరుకో తల్లీ. ఊరుకో. నేను లేనూ?"

ఇందుమతి మొహం పక్కకు తిప్పుకుంది. గౌరీపతి మాత్రం అత్తగారి చేతిని చూశాడు, తరవాత చుక్కాని దగ్గర అక్క భుజాలను చూశాడు. బిగుసుకుని ఉన్న ఆ భుజాలు శాలువా మీద చెయ్యి కదిలినకొద్దీ సడలుతున్నాయి. ఈ రెంటినీ కలిపి చూడగలిగినవాడు ఆ పడవలో తనొక్కడే.

"ఒరే గౌరీ, ఇట్రా."

వెళ్ళి పక్కన నిలబడ్డాడు. పడవ గోదాముల మధ్య సన్నని దారిలోకి తిరిగింది. సుభాషిణి గొంతు తగ్గించింది.

"ఇప్పుడే మొదలైందిరా నీ వంతు. నాకు తెలుస్తుంది."

"ఎలా తెలుస్తుంది?"

"అందినట్టు కబురొస్తుందిగా." వంతుబిళ్ళ నుంచి మూలానికి తిరిగి వచ్చేది అదొక్కటే. బరువు చేరిందని చెప్పే చిన్న అలికిడి. అంతకుమించి అందులో ఏమీ ఉండదని తయారుచేసినవాళ్ళ నమ్మకం. "మీ బావది ఆఫీసుకెళ్ళొచ్చినట్టుంటుంది. టైముకొస్తాడు, టైముకి పోతాడు. హారికది పాపం ఒకటే భయం, అమ్మకేమవుతుందోనని. నీది వేరురా. ఎవరో వచ్చి పక్కన కూర్చుని వీపు నిమురుతున్నట్టుంటుంది. ఏమీ అడగరు. ఊరికే కూర్చుంటారు. అది లేకపోతే నేనీ చుక్కాని పట్టుకునేదాన్ని కాదు, ఒట్టు."

గౌరీపతి నీళ్ళలోకి చూశాడు.

"చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అంటుకుంటుందేమోనని గుమ్మం దాటేవాడివి కాదు. అక్కణ్ణుంచే 'అక్కా, బతికే ఉన్నావా' అనేవాడివి. అలాంటివాడిలో ఇంత ఉందని ఎవరికి తెలుసు!"

"అదేం లేదక్కా."

"లేదంటాడు! మొహం చూడు, ఆముదం తాగినట్టు. లోపలున్నది కాస్త పైకి కనబడితే నీ సొమ్మేం పోయిందిరా?"

చెప్పేద్దామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఇంతలో సరుకుల పడవ ఒకటి అడ్డొచ్చింది. "ఒరే ఎర్రచొక్కా! కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అని అరుస్తూ సుభాషిణి చుక్కాని తిప్పింది. గౌరీపతి గుండె తేలికపడింది. ఎందుకు తేలికపడిందో తెలిసి, తన సీట్లోకి వచ్చి తల వంచుకు కూర్చున్నాడు.

మొదట్లో అతను నిజంగానే మోశాడు. అక్క దుఃఖం తనలోకి దిగితే అది పరాయిగా ఉంటుందని, వేరే ఊరివాళ్ళ వంటలా నాలుకకు తెలిసిపోతుందని అనుకున్నాడు. అలా జరగలేదు. అది వచ్చి, తన చోటు తనకు తెలిసినట్టు కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడాలనిపించని మధ్యాహ్నాలు, ఏ పనీ ఎందుకు చెయ్యాలో తోచని ఉదయాలు, ఇవన్నీ అతనికి ముందే పరిచయం. ఎన్నో ఏళ్ళుగా వాటిని బద్ధకమనీ, తన తత్వమే అంత అనీ పిలుస్తూ వచ్చాడు. ఇప్పుడు అక్క వాటా ముగిసే వేళకు కూడా కొంత మిగిలిపోయేది. అది ఎవరిదో పోల్చుకోలేక భయపడ్డాడు. ఆ భయాన్ని ఎవరికి చెప్పినా, 'అయితే నీకూ మూలబిళ్ళ కావాలి' అంటారు. మోసేవాడిగా పేరు పడ్డవాడికి అది తలవంపులని అతనికి తోచింది.

బిళ్ళ ఒంటి నుంచి ఊడి కొన్ని నిమిషాలు గడిస్తే, బిళ్ళలిచ్చే కేంద్రానికి తెలిసిపోతుంది. అందుకని స్నానానికి వెళ్ళేటప్పుడు, నీళ్ళకు ఊడిపోకుండా, ఇళ్ళలో మొగుడిది పెళ్ళానికీ, పెళ్ళానిది మొగుడికీ కాసేపు అంటించడం ఒక అలవాటు. నియమం కాదు గానీ అందరూ చేసేదే. బిళ్ళకు కావలసినది వెచ్చదనం, నాడి. ఎవరి నాడి అని అది అడగదు. మనిషి తనవాళ్ళ బరువును ఇంకొకరి మీద పెట్టి వెళ్ళిపోతాడన్న ఊహ చేసినవాళ్ళకు రాలేదో, వచ్చినా మర్యాద కాదని ఊరుకున్నారో.

ఆ వేళకు ఇందుమతి ఉద్యోగంలో ఉంటుంది. ఇంట్లో ఉండేది అత్తగారే. ఒకరోజు స్నానానికి వెళుతూ, పడకకుర్చీలో కునుకుతున్న ఆవిడ మెడకు అంటించాడు. తిరిగి వచ్చాక తీయడానికి చెయ్యి రాలేదు. ఒళ్ళు ఎంత హాయిగా ఉందని! ఆ మరునాడు స్నానం వంక కూడా అక్కర్లేకపోయింది.

ఇవాళ తనే పెట్టుకుందామనుకున్నాడు. అత్తగారిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళే రోజైనా మనిషిలా ఉందామనుకున్నాడు. పెట్టుకున్నాడు కూడా. చొక్కా గుండీలు పెట్టుకునేలోగా తీసేశాడు.

మనోభార కేంద్రంలో డాక్టర్ నఫీసా కామేశ్వరమ్మ నుదుటి మీద, మనసులోని బరువును చూపే సన్నని భావరేకు పరిచి చాలాసేపు చూసింది. కామేశ్వరమ్మ చెంపల మీద నీళ్ళు జారుతూనే ఉన్నాయి.

"కుంగుబాటేనమ్మా," అంది డాక్టరు. "తేలికపాటిది కాదు."

"మా అమ్మకా?" అంది ఇందుమతి. "పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు డాక్టరుగారూ. దేన్ని తలుచుకుని బాధపడుతుంది?"

"తలుచుకోనక్కర్లేదు. జ్ఞాపకం ఒక చోట ఉంటుంది, బాధ ఇంకో చోట ఉంటుంది. మొదటిది చెడిపోయినంత మాత్రాన రెండోది చెడదు. చెప్పాలంటే ఇలాంటివాళ్ళకే ఎక్కువ కష్టం. మనకైతే ఫలానా అందుకు ఏడుస్తున్నామని తెలుస్తుంది. ఆ కారణానికి బాధను తగిలించి కాసేపు పక్కకు జరగగలం. ఈవిడకు తగిలించడానికి కొక్కెం లేదు. మొత్తం ఒంటి మీదే ఉంటుంది."

గౌరీపతి తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ నమిలిన ఆ చెరుకుపిప్పిని ఇక నోట్లో ఉంచుకోలేకపోయాడు.

"మూలబిళ్ళ పెడితే బరువు దిగుతుంది," అంది డాక్టరు. "కాకపోతే ఈ వయసులో, ఈ స్థితిలో పెడితే మిగిలిన జ్ఞాపకాలు కూడా కొన్ని చెదురుతాయి. మిమ్మల్ని ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారు కదా. అది ఉండకపోవచ్చు."

"పెట్టకపోతే?"

"తిండి బాగా తగ్గిందన్నారు. అది పూర్తిగా మానేస్తారు."

ఇందుమతి తల్లి చెంపను కొంగుతో తుడిచింది. తుడిచి, ఆ కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కొంతసేపు గడిపింది. "పెట్టండి," అంది చివరికి. "నా పేరు పోతే పోనివ్వండి. నేను చెప్పుకుంటాలే రోజూ, నేనెవరో. ఈ ఏడుపు చూడలేను."

"ఓ నెల ఆగి చూద్దామేమో," అన్నాడు గౌరీపతి. ఇంటికెళ్ళి చప్పుడు కాకుండా బిళ్ళ తీసి తనే పెట్టుకుంటే చాలు. నెల తిరిగేసరికి ఆవిడ నవ్వుతూ తిరుగుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన ఎంత చక్కగా, ఎంత నున్నగా ఉందో!

ఇందుమతి విస్తుపోయి చూసింది. "ఆగడమా? రోజూ ఈ వేళకు ఆవిడ పక్కనుండేది మీరే కదండీ. ఎలా ఏడుస్తుందో నాకంటే మీకే తెలుసు. చూస్తూ చూస్తూ ఆగమని ఎలా అంటున్నారు?"

గౌరీపతి అత్తగారి ఒళ్ళోంచి జారుతున్న శాలువాను సరిచేశాడు.

"రేపు పొద్దున తీసుకురండి, పెట్టేద్దాం," అంది డాక్టరు. "మోసేవాళ్ళెవరు?"

"నేనొకదాన్ని. ఇంకొకరు…" ఇందుమతి భర్త వైపు తిరిగి, మళ్ళీ చూపు దించుకుంది. "ఈయన ఇప్పటికే వాళ్ళక్కది మోస్తున్నారు. రెండోది మొయ్యమని అడగడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ ఇంకెవరున్నారు మాకు?"

డాక్టరు గౌరీపతిని మర్యాదగా చూసింది. "మీకు ఇప్పుడు వంతువేళే కదూ? ఎంత నిబ్బరంగా కూర్చున్నారండీ! కొత్తగా వచ్చే వంతుదార్లకు మిమ్మల్ని చూపించాలి."

ఇందుమతి ఆ మాటకు చిన్నగా, గర్వంగా నవ్వింది. చాలా రోజుల తరవాత ఆమె నవ్వడం. గౌరీపతికి ఒళ్ళంతా మంట పెట్టినట్టయింది. ఇంకా దారి ఉంది, రేపటి దాకా వేళ ఉంది, అని అతని లోపల ఒకడు ఓపికగా లెక్కలు చెబుతున్నాడు. వాడే మరో మాట కూడా అన్నాడు: తీసేస్తే అక్క ఏమవుతుంది? ఆ వీపు నిమిరే చెయ్యి నీది కాదే. నువ్వు పెట్టుకుంటే ఆమెకు అందేది నీ భయమే కదా. అక్క కోసమైనా ఊరుకో.

అక్క కోసమైనా! అంత దయగల మాట తన లోపలి నుంచి వచ్చినందుకు, ఇంతవరకు జరిగిన దేనికీ పడనంతగా సిగ్గుపడ్డాడు. దయను కూడా చాటు చేసుకుంటున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి, బతికే ఉన్నావా అని అడిగేవాడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఎవరో తెలియని పిల్ల ఏడుస్తోందని తలుపు తెరవమన్నది, ఏమీ గుర్తులేని ఈ ముసలామె.

లేచాడు. కుర్చీ కిర్రుమంది. అత్తగారి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఏం చెయ్యబోతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. కామేశ్వరమ్మ తల ఎత్తబోయింది. అతను మెల్లగా ఆవిడ ముడి కిందికి వేళ్ళు పోనిచ్చాడు. జడపిన్ను ఒకటి జారి నేల మీద పడింది, ముడి సగం విడిపోయింది. గోటి అంచుతో బిళ్ళను లేవదీశాడు.

"ఏవండీ," అంది ఇందుమతి. "అదేమిటి?"

అత్తగారి ఒంటి వెచ్చదనం ఇంకా ఆరని ఆ బిళ్ళను అతను, భార్య చూస్తుండగానే, తన మెడ వెనుక అంటించుకుని బొటనవేలితో గట్టిగా అదిమిపట్టాడు.