రెండో రోజే దొరికిన ఫొటోలు

"డీప్ ఫ్రిజ్‌లో పెట్టారా?" అన్నాడు ఎల్దియార్, హార్డ్ డిస్కును చెవి దగ్గర పెట్టుకుని.

"మూడు గంటలే," అంది ఆ అమ్మాయి. "అలా చేస్తే పనిచేస్తుందని ఇంటర్నెట్‌లో ఉంది."

"ఉప్పూ కారం కూడా పట్టించమనలేదా?"

బిష్కెక్ నగరంలోని కంప్యూటర్ బజారు రెండో అంతస్తులో, పోయిన డేటాను బతికించే దుకాణం అతనిది. వచ్చినవాళ్లని ముందు నాలుగు మాటలని, తర్వాతే డిస్కు ముట్టుకుంటాడు. ముప్పై ఏళ్లొచ్చినా పెళ్లి కాకపోవడానికి ఈ నోరే కారణమని వాళ్లమ్మ గట్టి నమ్మకం.

"తిట్టడం అయ్యాక పని మొదలుపెడతారా, లేక దానికి చార్జీ వేరేనా?" అంది అమ్మాయి.

ఎల్దియార్ మొదటిసారి తలెత్తి చూశాడు. చలికి ఎర్రబడిన బుగ్గలు, టోపీ మీద కరగని మంచు, కళ్లలో యుద్ధం. మళ్లీ డిస్కు వైపు చూడటానికి కాస్త సమయం పట్టింది.

పేరు జిపారా. కొండల్లో మంచు చిరుతల్ని లెక్కపెట్టే చిన్న సంస్థలో ఉద్యోగం. మూడు శీతాకాలాల్లో పదకొండు కెమెరాలు తీసిన ఫొటోలన్నీ ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. గుర్రం మీంచి సంచి జారి డిస్కు రాళ్ల మీద పడింది. ఆమె ఊరి పైలోయలో గని తవ్వాలా వద్దా అన్నది పన్నెండు రోజుల్లో తేలుతుంది. ఫొటోలు లేకపోతే అక్కడ చిరుతలూ లేనట్టే.

"లోపల అద్దంలాంటి పళ్లేలు తిరుగుతాయి," అన్నాడు ఎల్దియార్. "వాటి మీది అయస్కాంతపు గుర్తులే మీ ఫొటోలు. చదివే ముల్లు పళ్లేన్ని తాకకుండా పైన తేలుతుంది. ఆ సందు వెంట్రుకలో వెయ్యోవంతు కూడా ఉండదు. మీ ముల్లు వంగింది. ఇలాంటి డిస్కే ఇంకోటి తెచ్చి, దాని ముల్లు దీనికి పెట్టాలి."

"గుండె మార్పిడిలాగా?"

"గుండె డాక్టర్ల దగ్గరికి రోగిని ఎవరూ డీప్ ఫ్రిజ్‌లో పెట్టి తీసుకురారు."

ఆమె నవ్వింది. ఎల్దియార్‌కి నష్టం అక్కడే జరిగింది.

రెండో రోజు సాయంత్రానికే ముల్లు కుదిరింది. ఫొటోలన్నీ ఒక కొత్త ఎస్.ఎస్.డి.లోకి, అంటే పళ్లేలు లేని కొత్తరకం డిస్కులోకి, ఎక్కేశాయి. ఆ మాట ఫోన్లో చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. "ఇంకా కుదరలేదు. రేపు ఒకసారి రండి," అన్నాడు ఎల్దియార్.

ఆమె వచ్చింది. మర్నాడూ వచ్చింది, మాంసం కూరి కాల్చిన వేడి సంసాలు పట్టుకుని. టీ తాగుతూ అది ఏమిటి, ఇది ఎలా పనిచేస్తుంది అని అడిగేది. ఎల్దియార్ టేపుల గురించి చెప్పాడు, సీడీల గురించి చెప్పాడు, ఎవరూ అడగని ఫ్లాపీల గురించి కూడా చెప్పాడు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

ఆరో రోజు పొద్దున్న, ఇవాళ నిజం చెప్పేయాలని కొత్త చొక్కా వేసుకొచ్చి, అదే సంబరంలో ఒక లెక్చరర్ లాప్‌టాప్‌కి కొత్త ఎస్.ఎస్.డి. బిగించి, ఫార్మాట్ చేసి, పంపేశాడు. బల్ల మీద మిగిలింది చూశాకగానీ, వెళ్లిపోయింది జిపారా ఫొటోలున్న ఎస్.ఎస్.డి. అని తెలియలేదు. పరుగెత్తి వెనక్కి తెచ్చాడు. అది ఖాళీ. పాత డిస్కు మళ్లీ తిప్పితే, అరువు ముల్లు పళ్లేన్ని గీకి పొడి చేసింది. ఊరందరికీ రెండు కాపీలు ఉంచుకోమని చెప్పే మనిషి తను ఒక్కటే ఉంచుకున్నాడు.

జిపారా వచ్చింది. అంతా చెప్పాడు.

"రెండో రోజే అయిపోయిందా?"

"అయిపోయిందంటే నువ్వు మళ్లీ రావని..."

"నేను రాత్రుళ్లు నిద్రపోలేదు తెలుసా? అక్కడ మా నాన్న రోజూ ఫోన్ చేసి 'దొరికాయా అమ్మా' అని అడుగుతున్నాడు!" ఆమె బల్ల వైపు వేలు చూపింది. "ఆ ఎస్.ఎస్.డి.లోంచి తియ్యలేవా?"

"లేను. అందులో తిరిగేదేమీ ఉండదు, చిన్న చిన్న అరల్లో కరెంటు దాస్తుంది. ఫార్మాట్ చేస్తే అరలన్నీ నిజంగానే ఊడ్చేస్తుంది." ఎల్దియార్ చటుక్కున తలెత్తాడు. "కెమెరాల్లో కార్డులుంటాయి కదా. వాటిని ఏం చేస్తారు?"

"కాపీ చేశాక కెమెరాలోనే ఫార్మాట్ చేసి మళ్లీ పెట్టేస్తాం. పోయాయిగా అవీ!"

"పోలేదు! కెమెరా విషయసూచిక ఒక్కటే చింపుతుంది. పేజీలు అలాగే ఉంటాయి, వాటి మీద కొత్త ఫొటోలు పడేదాకా. మీ చిరుతలు రోజూ వస్తాయా ఫొటోలకి?"

"నెలకోసారి వస్తే పండగ." ఆమె కళ్లు తుడుచుకుంది. "గుర్రం ఎక్కడం వచ్చా?"

"రాదు."

"మంచిది. నీకు కాస్త నొప్పి తెలియాలి."

ఒక రోజు కారులో, రెండు రోజులు గుర్రాల మీద. ఎల్దియార్ నాలుగుసార్లు పడ్డాడు. మొదటి మూడుసార్లు జిపారా వెనక్కి తిరిగి చూడలేదు. నాలుగోసారి దిగొచ్చి, మోకాలికి తన మఫ్లర్ కట్టింది. "క్షమించానని కాదు," అంది, ముడి అవసరానికి మించి జాగ్రత్తగా వేస్తూ.

పదకొండు కార్డుల్లో తొమ్మిది మాట విన్నాయి. ఆరు చిరుతలు, రెండు పిల్లలు. జిపారా ఆ ఫొటోల్ని గని సంగతి తేల్చే కమిటీ ముందు ఒక్కొక్కటే పెట్టింది. గని కాగితాలు తిరుగు ముఖం పట్టాయి.

అడవి కాపలాదారైన జిపారా నాన్న ఆ రోజు నగరానికి వచ్చాడు. బయట మెట్ల మీద ఎల్దియార్‌ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఫొటోలు పోగొట్టినవాడు ఇతనేనా?"

"ఇతనే," అంది జిపారా.

"తిరిగి తెచ్చినవాడు?"

"అదీ ఇతనే."

పెద్దాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "మీ అమ్మ ఉందా బాబూ?"

"ఉందండీ."

"మా కనుమ దారి నెలాఖరుకి మూసుకుపోతుంది. ఈలోగా వచ్చి పిల్లకి చెవిపోగులు పెట్టమను."

అబ్బాయి తల్లి చేత్తో చెవిపోగులు పడ్డాయంటే అక్కడ సంబంధం ఖాయమైనట్టే. ఎల్దియార్ అక్కడికక్కడే అమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మా, చెవిపోగులు... ఒకమ్మాయి... అంటే, కొండల్లో..." అని నీళ్లు నమిలాడు.

జిపారా ఫోన్ లాక్కుంది.

"నా పేరు జిపారా, అత్తయ్యా. శనివారం వచ్చేయండి. చలి ఎక్కువ, మందపాటి కోటు వేసుకోండి."