తెల్ల అక్షరాల లింకులు

“సార్ కాదండీ, మేడమ్. పైగా మీ మెయిల్‌లో నా సైటు పేరు కూడా తప్పు రాశారు.”

ఫోన్‌లో ఆ గొంతు వినగానే తారిక్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. పటమటలోని ఒక డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసులో అతని ఉద్యోగం లింకులు కొనడం. నలుగురూ చదివే సైటులో తమ క్లయింటుకు ఒక లింకు పెట్టిస్తే, గూగుల్ ఆ క్లయింటును గొప్పవాడనుకుని పైన చూపిస్తుంది. లింకు పెట్టినవాళ్లకు డబ్బు ముడుతుంది.

అవతల ఉన్నది ఆస్రా. గన్నవరంలో ఫిజియోథెరపిస్టు. మోకాళ్ల నొప్పులకు ఇంట్లో చేసుకునే వ్యాయామాలను తేలిక తెలుగులో, ఫొటోలతో తన సైటులో పెడుతుంది.

“సారీ మేడమ్. చిన్న లింకే. ‘నొప్పుల నూనె’ అన్న రెండు మాటలు, అంతే.”

“ఆ నూనె పనిచేస్తుందా?”

“అది... మా డిపార్ట్‌మెంట్ కాదండీ.”

“నా డిపార్ట్‌మెంట్ అదేనండీ. నన్ను నమ్మి చదివేవాళ్లకి ఏదో నూనె అంటగట్టలేను,” అని పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్తే అమ్మ షహజాది కుర్చీ అంచున కూర్చుని, ఫోను ఎదురుగా పెట్టుకుని, మెల్లగా కాలు చాపుతోంది. తెర మీద ఆస్రా సైటు.

“ఈ పిల్ల చెప్పినట్టు చేశాకే మెట్లెక్కగలుగుతున్నా బేటా.”

మర్నాడు సారీ చెప్పడానికి తారిక్ మళ్లీ ఫోన్ చేశాడు. లింకు ఊసెత్తలేదు. అమ్మ మోకాలి గురించి అడిగాడు. తర్వాత్తర్వాత మాట్లాడ్డానికి అమ్మ మోకాళ్లు రెండూ చాలక, తనకో నడుం నొప్పి కల్పించుకున్నాడు.

“కుర్చీలో తిన్నగా కూర్చోండి, అదే పోతుంది,” అని నవ్వేది ఆస్రా.

వానలు మొదలైన రోజుల్లో అమ్మ అంది, “ఆ పేజీ ఎంత వెతికినా రావట్లేదురా.”

తారిక్ సైటు తెరిచి లోపలి కోడ్ చూశాడు. పేజీ అడుగున, తెల్లటి తెర మీద తెల్ల అక్షరాలతో, ఎవరికీ కనబడని లింకులు. సైటు కట్టిన డిజైనర్ ఆస్రాకు తెలియకుండా అమ్ముకున్నాడు. ఇలా డబ్బుకు లింకులు పెట్టడాన్ని ఒప్పుకోని గూగుల్, సంగతి పసిగట్టి సైటును అట్టడుక్కి తోసేసింది. ఆ లింకుల్లో కొన్ని తన ఆఫీసు క్లయింట్లవే. బ్రోకర్ ద్వారా కొన్నది తనే.

చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలియదు. అయినా తడుస్తూ గన్నవరం వెళ్లి, ఆస్రాకు లింకుల సంగతి చెప్పాడు.

“కొన్నది మీరేనా?”

“నేనేనండీ. ఏ సైటులో పెడుతున్నారో అడగను కూడా లేదు.”

ఆస్రా లాప్‌టాప్ తెరిచి అతని ముందుకు తోసింది. “మొన్న ఉయ్యూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, పేజీ తీసేశావా అమ్మా అని బాధపడింది. ఏం చెప్పాలో తెలియలేదు నాకు.” కళ్లు తుడుచుకుంది. “మీ సంగతి తర్వాత చూస్తా. ముందు వీటిని తీసెయ్యండి.”

ఇద్దరూ కూర్చుని లింకులన్నీ తీసేసి, జరిగింది వివరిస్తూ గూగుల్‌కు రాశారు. తారిక్ క్లయింట్లు సెర్చ్‌లో కిందికి జారారు. “ఎవరు తీయించారు?” అని బాస్ అడిగితే తారిక్ దాచలేదు. ఉద్యోగం పోయింది.

కొన్ని వారాలకు సైటు మళ్లీ పైకొచ్చింది. ఆ వారమే తారిక్ అమ్మను వెంటబెట్టుకుని ఆస్రా క్లినిక్‌కు వెళ్లాడు.

మోకాలు చూసి, “బాగుందాంటీ,” అంది ఆస్రా. “మీ అబ్బాయి నడుం ఎలా ఉంది?”

“వాడికి నడుం నొప్పేంటమ్మా?”

తారిక్ తలొంచుకున్నాడు. “అబద్ధమేనండీ. మీతో మాట్లాడాలని. మీరంటే ఇష్టం నాకు. వేరే ఉద్యోగం దొరికాక చెబుదామనుకున్నా.”

“నాకెప్పుడో తెలుసు. నిజం నొప్పి రోజుకో వైపు మారదండీ.”

ఆస్రా ఫోన్ తీసి వాళ్ల నాన్న ఖయ్యూమ్‌కు కలిపింది. “అబ్బాజాన్, సాయంత్రం ఇంట్లోనే ఉండండి. ఒకబ్బాయి, వాళ్లమ్మగారు వస్తారు.”

“ఏం చేస్తుంటాడు?”

“ప్రస్తుతం ఏమీ చేయట్లేదు. కానీ తప్పు చేస్తే దాచుకోలేడు.”

“తీసుకురామ్మా,” అన్నాడు ఖయ్యూమ్. “ఉద్యోగానిదేముంది, వెతికితే దొరుకుద్ది.”