ఏడో లైన్ సాక్షి

నస్పూర్ పక్క బొగ్గుబావుల కాలనీల ఏడో లైన్ అంటే ఇప్పటికీ ఆటోవాళ్లు గూడ రామంటరు. ఓపెన్‌కాస్టు గనిల పేలుళ్లకు గోడలు పగిలినయని కంపెనోళ్లు గా లైన్ క్వార్టర్లను ఎప్పుడో ఖాళీ చేయించిండ్రు. తలుపులు, కిటికీలు ఎవలో ఊడబీక్కపోయిండ్రు. ఇగ మిగిలింది... రెండు దిక్కుల నోళ్లు తెరిచినట్టున్న ఇండ్లు, నడుమ సన్నటి బాట.

పొద్దుగూకినంక గా బాటల పోతే పేరు పెట్టి పిలుస్తదట. మెల్లగ, చుట్టపోళ్లు పిలిచినట్టు. పలికినోళ్లు జ్వరమొచ్చి మంచం పడుతరట. పలకనోళ్ల వెనుక ఇంటిదాక అడుగుల సప్పుడొస్తదట.

ఆరో లైనుల ఉండే నవనీత నాకీ సంగతి చెప్పింది. ఆమె చెప్పినట్టే చెప్త.

నవనీతకు సోపతి జ్యోతిరాణి. ఎనిమిదో లైనుల ఇల్లు, బట్టలు కుట్టే పని. పెనిమిటి రాజేశం బావిల కార్మికుడు. జ్యోతిరాణికి ఒక్కటే పిచ్చి... క్రైమ్ సినిమాలు. అవిట్ల గూడ ఖూనీని కండ్లార చూసినోళ్ల సినిమాలైతే ఇడిచిపెట్టదు. పాలపాకెట్లు ఏసేటోడు చూసిన ఖూనీ, పెండ్లి వీడియో తీసేటామె చూసిన ఖూనీ... ఏ భాషదైనా సరే, కింద అక్షరాలు సదువుకుంట చూస్తది. చూసుకుంట టీవీని తిడుతది.

"ఎందుకు దాక్కుంటవే? దాక్కుంటే ఒదులుతడా? అరువు, పేరు పెట్టి అరువు" అంటది.

రాజేశం రెండో షిఫ్టు పోయిన రాత్రుల్ల ఇద్దరు ఆడోళ్లు నవనీత ఇంట్ల కూసుండి చూస్తరు. గా రాత్రి గూడ గట్లనే ఒక సినిమా చూసిండ్రు. అండ్ల సాక్షి చివరిదాక నోరు తెరవలే. జ్యోతిరాణికి మస్తు కోపమొచ్చింది.

లేచి చెప్పులు తొడుక్కుంటుంటే నవనీత అన్నది, "రోడ్డు మీదికెల్లి పో. గా లైనులకెల్లి పోకు."

"రోడ్డు మీద కుక్కలున్నయి. కుక్క కరిస్తే సూదులు పొడిపిచ్చుకోవాలె. దయ్యం కరిస్తే గా ఖర్సు గూడ లేదు" అన్నది జ్యోతిరాణి.

ఏడో లైనుల అడుగు పెట్టింది. గాలి లేదు. చెప్పుల కింద పెంకులు కటుకు కటుకుమంటున్నయి. సగం బాట దాటింది...

దబ్బున సప్పుడు.

ఆగింది. మల్లా ఒక సప్పుడు... తడిబట్టను బండకేసి కొట్టినట్టు. ఆ ఎనుక మూలుగు.

ఇదేనా... అందరు చెప్పేది ఇదేనా అనుకున్నది. అంతల ఎడమ దిక్కు ఇంట్ల వెలుగు కనబడ్డది. దయ్యాల వెలుగు గాదు, సెల్‌ఫోన్ లైటు. తలుపు లేని గడపలకెల్లి అంతా అగుపడుతున్నది. కింద పడ్డ మనిషి అంతయ్య, బొగ్గు యార్డు కావలి మనిషి. మీద ఇనుప రాడ్డు పట్టుకున్నోడు అంబదాస్. లారీలు తిప్పుతడు, వినాయకుని పందిరి కాడ ఎప్పుడు ముందు వరుసల కూసుంటడు. లైటు పట్టుకున్నోడు ఆయన డ్రైవర్ రాజం.

అంబదాస్ లారీలకు దొంగబొగ్గు ఎత్తుతుంటే అంతయ్య చూసిండు, చెప్త అన్నడు. గందుకే ఈ గతి. ఆ సంగతి జ్యోతిరాణికి అప్పుడు తెల్వది. రాడ్డు మల్ల లేస్తున్నది... గంతే తెలుసు.

ఒక్క అడుగు ఎనుకకేసింది. పెంకు పటుక్కుమన్నది.

లైటు ఆరిపోయింది.

చీకటి... తన ఊపిరే తనకు ఇనబడుతున్నది. గా చీకట్లకెల్లి మెల్లగ, చుట్టపోళ్లు పిలిచినట్టే, ఒక గొంతు.

"జ్యోతక్కా..."

పలకలే.

"జ్యోతక్కా, నువ్వేనా? జర ఇటు రా. ఏం లేదు... అంతయ్య పడ్డడు, లేపుతున్నం."

పెంకుల మీద అడుగులు దగ్గరికొస్తున్నయి. ఇద్దరివి.

ఉరుకుదామనుకున్నది. ఉరికినోళ్లను ఎనుకనుంచి ఎట్ల కొడ్తరో ఎన్ని సినిమాల్ల చూడలే? గోడసాటుకు పోదామనుకున్నది. సాటుకు పోయినోళ్లను ఎంటికలు పట్టి గుంజుకొస్తరు. ఇన్నేండ్లు టీవీల ఆడోళ్లను తిట్టిన నోరు ఇప్పుడు ఎండిపోయి నాలుక అంగిట్లకు అతుక్కున్నది. ఎవలి మీదనో తెల్వది, కడుపులకెల్లి కోపం లేసింది.

బాట నట్టనడుమకొచ్చి నిలబడ్డది.

"అంబదాస్, నేను చూసిన" అన్నది. మొదటి మాట ఒణికింది. రెండో మాట ఒణకలే. "నీ మొహం చూసిన. నీ చేతిల రాడ్డు చూసిన. రాజం, నిన్ను గూడ చూసిన. ఇంటున్నరా? చూసిన నేను."

అడుగులు ఆగినయి.

లైటు మల్లా ఎలిగింది. ఆమె మొహం మీద పడ్డది. కండ్లు మూసుకోలే. లైటు ఆమె మీదికెల్లి జరిగి ఎనుకకు పోయింది... కుడి దిక్కు ఇండ్ల మీదికి, ఎడమ దిక్కు ఇండ్ల మీదికి. రాడ్డు కింద పడి ఠంగుమన్నది. ఇద్దరు పడుకుంట లేసుకుంట ఉరికిండ్రు. ఎక్కడనో మోటర్‌సైకిల్ స్టార్టయిన సప్పుడు...

నా గొంతుకే భయపడ్డరు అనుకున్నది జ్యోతిరాణి. అంతయ్య తల ఒళ్లె పెట్టుకొని నవనీతకు ఫోన్ చేసింది. అంబులెన్స్ వచ్చేదాక అంతయ్యతోని ముచ్చట పెట్టింది, నిద్రపోనియ్యలే. అంతయ్య బతికిండు. అనుమానం అంబదాస్ మీదనే, గని ఎనుకనుంచి కొట్టిండ్రు, మొహాలు చూడలే అన్నడు. చూసింది జ్యోతిరాణి ఒక్కతే.

ఇగ మొదలైంది.

కాలనీ పెద్దమనిషి పర్శరాములు ఇంటికొచ్చి చాయ తాగి, గొంతు తగ్గించి అన్నడు, "బిడ్డా, గా లైనుల ఏముంటదో అందరికి ఎరుకే. నువ్వు చూసింది దయ్యం అను. నిన్నెవ్వరు ఏమనరు. అంబదాస్ మంచోడు."

"దయ్యానికి రాడ్డెందుకు కాకా?" అన్నది జ్యోతిరాణి.

పర్శరాములు పోయినంక రాజేశం చాయ గిలాసలు తీసిండు. "మనకెందుకే" అన్నడు.

"నిన్ను గట్ల కొడుతుంటే చూసినామె మనకెందుకు అనుకుంటే?"

తెల్లారి ఠాణాకు రాజేశమే బండి మీద తీస్కపోయిండు.

ఒకనాడు లేచి చూస్తే గడప ముంగట పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు. కాలనీ ఆడోళ్లు దూరంనుంచి చూస్తున్నరు. జ్యోతిరాణి నిమ్మకాయలు ఏరి, కడిగి, పిండి పులిహోర కలిపింది. అరుగు మీద కూసుండి, అందరు చూస్తుంటే పళ్లెం ఖాళీ చేసింది. నవనీతకు గూడ పెట్టింది. నవనీతకు ఒక బుక్క మింగుడు పడనీకి చానసేపు పట్టిందట.

కేసు మంచిర్యాల కోర్టుకొచ్చింది. అంబదాస్ వకీలు నవ్వుకుంట లేసిండు.

"అమ్మా, మీకు క్రైమ్ సినిమాలంటే ఇష్టమట?"

"ఇష్టమే సార్."

"సాక్షుల సినిమాలు మరీ ఎక్కువట?"

"మరీ ఎక్కువ."

"గా రాత్రి గూడ ఒకటి చూసే వచ్చిండ్రు. తలల సినిమా నడుస్తున్నది, చీకట్ల ఏదో కనబడ్డది. గంతే గదా?"

"సినిమాల సాక్షిని కాపాడనీకి ఎవలన్న ఒకలు వస్తరు సార్" అన్నది జ్యోతిరాణి. "నాకు ఎవ్వరు రాలే. ఒక్కదాన్నే నిలబడ్డ. సినిమా అయితే గట్ల తియ్యరు."

వకీలు కూసున్నడు.

ఆ తర్వాత రాజం లేసిండు. ఆ రాత్రినుంచి మనిషి సగమైండు, తనంతట తనే నేరం ఒప్పుకొని సర్కారు దిక్కు సాక్షయిండు. అంబదాస్ మాత్రం, నేను గా లైన్ మొహమే చూడలే, గా రాత్రి లక్సెట్టిపేటల ఉన్న అనే అంటున్నడు.

సర్కారు వకీలు అడిగిండు, "ఒక్క ఆడామె చూసింది. మీరు ఇద్దరు, చేతిల రాడ్డు. మరి ఎందుకు ఉరికిండ్రు?"

రాజం ఎనుకకు మళ్లి కోర్టు తలుపు దిక్కు చూసిండు.

"చెప్పు."

"ఒక్కతి గాదు సార్" అన్నడు రాజం. "లైటు ఏసి చూసినం... ఆమె ఎనుక, లైను పొడుగునా, ప్రతి గడపల ఒకలు నిలబడ్డరు. బావి డ్రెస్సులు. ఒళ్లంతా బొగ్గు. మేం చూస్తుంటెనే నెత్తి మీది టోపీ లైట్లు ఒక్కొక్కటే ఎలిగినయి... అన్నీ మా మొహాల మీదికే."

జడ్జి రాసుడు ఆపి తల ఎత్తిండు.

గప్పుడు బోనులకెల్లి అంబదాస్, తెల్లగ పాలిపోయిన మొహంతోని, పండ్లు బిగబట్టి అన్నడు, "లైట్ల సంగతి చెప్పొద్దన్న గదరా..."

అందరు ఇన్నరు. జడ్జి గూడ ఇన్నడు.

శిక్ష పడ్డనాడు రాజేశం, జ్యోతిరాణి మంచిర్యాలనుంచి వచ్చేసరికి చీకటి పడ్డది. బస్సు దిగి, రోడ్డు మీదికెల్లి పోదాం అన్నడు రాజేశం. జ్యోతిరాణి ఏడో లైనులకే మళ్లింది. రాజేశం ఆమె ఎనుకనే నడిచిండు.

నడుమకొచ్చి ఆగింది. అటు ఇటు చూసింది. ఖాళీ గడపలు... చీకటి... పెంకులు.

"మీరెవలో నాకు తెల్వది" అన్నది, ఇరుగుపొరుగుతోని మాట్లాడినట్టు. "చూసిండ్రు, నిలబడ్డరు. సాలు."

ఇద్దరు నాలుగడుగులు నడిచిండ్రు.

ఎనుక... ఎవలో దగ్గిండ్రు. బొగ్గుదుమ్ము పట్టిన రొమ్ముల దగ్గు, లోతుగ, ఒక్కసారి. ఆ పక్కింట్ల ఇంకోటి.

రాజేశం ఆమె రెక్క పట్టుకున్నడు.

జ్యోతిరాణి ఎనుకకు మళ్లలే.

"నడు" అన్నది మెల్లగ. "షిఫ్టు దిగినట్టున్నరు."