డాక్టరుగారి స్టీలు స్కేలు

"బుల్లెట్ ముక్క గుండెకు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉంది. అదీ మన చీఫ్ ఒంట్లో. ఆపరేషన్ అయ్యేదాకా ఆ గదిలోకి ఈగ కూడా దూరకూడదు."

పొద్దున ఏజెంట్‌కి అందిన ఉత్తర్వు ఇంతే. చీఫ్ అతనికి పిల్లనిచ్చిన మామగారు కూడా. అందుకే ఎక్స్‌రే టెక్నీషియన్ వేషంలో రెట్టింపు హడావిడి చేశాడు. ముసలి డాక్టరు జేబులోని స్టీలు స్కేలును కూడా, ఆయుధం కావచ్చంటూ లాగేసుకున్నాడు. ఎక్స్‌రే తెర మీద బొమ్మ ఎంత బాగున్నా, ఒకసారి ఆ స్కేలు పెట్టి సరిచూసుకోనిదే, ముక్కను పట్టి లాగే సూదిని ఆయన చివరిదాకా దించడట. ఉత్త చాదస్తం అనుకున్నాడు ఏజెంట్. ఎక్స్‌రే మెషిన్ ఇంజనీరు వేషంలో వచ్చిన గూఢచారిణి 'ముత్యాలు' చేతిలోని లిప్‌స్టిక్‌ని మాత్రం మొహమాటానికి పోయి సోదా చెయ్యలేదు. రెండేళ్లుగా శత్రువుల రహస్యాలు మోసుకొస్తున్న అందగత్తె, మన మనిషే కదా!

ఇప్పుడు కంట్రోల్ రూమ్‌లో ఆ లిప్‌స్టిక్కే పిస్టలై అతని పక్కటెముకలకు ఆని ఉంది.

"కదలకండి," అంది ముత్యాలు మెత్తగా. "ఎక్స్‌రే బొమ్మ అంచుల్లో ఎప్పుడూ వంగుతుంది. దాన్ని సరిచేసే ప్రోగ్రామ్‌ని పొద్దున నేనే మార్చాను. తెర మీద దారి ఒకటి, ఒంట్లో దారి ఇంకొకటి. మీ మామగారికి నాలుగు మిల్లీమీటర్ల తేడా చాలు."

మైక్ వైరు తెగి ఉంది. ఆపరేషన్ గదికి అడ్డంగా ఉన్న సీసం అద్దం దాటి అరుపు పోదు. లోపలి మాటలు మాత్రం స్పీకర్‌లో శుభ్రంగా వినిపిస్తున్నాయి. మెలకువగానే ఉన్న మామగారు, మా అల్లుడుండగా నాకేం భయమని డాక్టరుతో గొప్పలు చెబుతున్నారు. ఏజెంట్‌కి ఏడుపు ఒక్కటే తక్కువ. స్కేలు అతని జేబులోనే ఉంది, తొడకు గుచ్చుకుంటోంది.

సూది దిగుతోంది. ఇంకొక్క సెంటీమీటర్. డాక్టరు చెయ్యి ఆగింది.

"నా స్కేలేదమ్మా?"

ఎవరో లాక్కున్నారు కదండీ అని నర్సు గుర్తుచేసింది. డాక్టరు ఆ ఎవరోని కడిగిపారేసి, ఇంకో పొడుగాటి సూది తీసి మామగారి ఛాతీ మీద అడ్డంగా పెట్టాడు. తెర మీద అది కొడవలిలా వంగి కనిపించింది.

"సూది తిన్నగానే ఉంది. బొమ్మే వంకర," అంటూ దించిన సూదిని మెల్లగా బయటికి తీసేశాడు.

ముత్యాలు ఉలిక్కిపడి తెర వైపు చూసింది. ఏజెంట్ మోచెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ బల్ల కిందికి దొర్లిపోయింది.

పాత ప్రోగ్రామ్ మళ్ళీ ఎక్కించాక బుల్లెట్ ముక్క పది నిమిషాల్లో బయటికొచ్చింది. సాయంత్రం మామగారు మంచం మీద నుంచే కొత్త ఉత్తర్వు జారీ చేశారు.

"ఇకమీదట సోదాలు డాక్టరుగారు చేస్తారు. అల్లుడుగారు స్కేలు మోస్తారు."