పదకొండు నిమిషాల సీను

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఛత్రినాక నుంచి పోలీసుల హండ్రెడ్‌కు ఫోన్ వచ్చింది. ఇంట్లో దొంగతనం.

మూడు ఇరవై ఐదుకు ఎస్సై ఉదయశ్రీ ఆ మేడ ఎక్కింది.

పోయింది బంగారం కాదు. బండి కాదు. ఒక బ్లూరే డిస్క్. ‘కోబాల్ట్ గార్డ్’ అనే అమెరికా సూపర్‌హీరో సిరీస్‌ది. రేకు డబ్బా మీద, ప్యాంటుపైన చెడ్డీ తొడుక్కున్న వీరుడు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. డబ్బా ఖాళీ.

గదిలో నలభై మంది. అందరూ గడ్డాలు, మీసాలు ఉన్న మగవాళ్లే. సిరీస్‌ను స్ట్రీమింగ్‌లో చూడాలా, డిస్క్ కొనుక్కుని చూడాలా? రెండేళ్లుగా వాట్సాప్‌లో తిట్టుకుంటున్నారు. ఇవాళ ముఖాముఖి తేల్చుకోవడానికి కూడారు. తిన్నది అరగక చేసే పని అనుకుంది ఉదయశ్రీ. ఆ మాట మొహంలో దాచుకోలేదు కూడా.

ఇంటాయన భరద్వాజ్. ముప్పై ఆరేళ్లు. ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం. డిస్క్ పక్షానికి పెద్ద. గోడ పొడవునా అద్దాల బీరువా, అందులో రెండు వందల డబ్బాలు. ఒక్కదానికీ ప్లాస్టిక్ కవర్ విప్పలేదు. సీలు తీస్తే విలువ పోతుందట. చూడ్డానికి కాకపోతే కొనడం ఎందుకని ఆమె అడగలేదు. అడిగితే గంటసేపు చెప్తాడు.

“చివరిసారి ఎప్పుడు చూసినవ్?”

“ఒంటిగంటకండి. ఇది మాత్రం నేను విప్పి చూసినది. డిస్క్ డబ్బాలోనే ఉంది.”

“తర్వాత గదిలకు ఎవరొచ్చిన్రు?”

“మెకానిక్ మహబూబ్ ఒక్కడే. ప్రొజెక్టర్ బిగించడానికి రెండుంబావుకు వచ్చాడు. రెండు నలభైకి వెళ్లాడు. నేను కింద భోంచేస్తున్నాను. మూడింటికి వీళ్లంతా వచ్చాక తెరిస్తే ఖాళీ.”

“ఆయన్ని పిలిచిందెవరు?”

“నేనే మేడం.” చెయ్యెత్తిన మనిషి లక్ష్మీకాంత్. స్ట్రీమింగ్ పక్షం పెద్ద. యూట్యూబ్ చానల్ ఉంది. “ఆఖరి ఎపిసోడ్‌ల పదకొండు నిమిషాల సీను డిస్క్‌ల ఎక్కువుందట. స్ట్రీమింగ్‌ల లేదు. హీరో మంచుల నిలబడి, మాస్క్ తీసి ఏడుస్తడని రెండేండ్ల సంది ఈయన పేజీలకు పేజీలు రాస్తుండు. ఈయన తప్ప ఎవ్వడు చూడలే. ఇయ్యాల నాలుగున్నరకు అందరి ముందట చూపియ్యమన్న. గందుకే ప్రొజెక్టర్.”

కానిస్టేబుల్ కైలాసం మూడు యాభైకి దబీర్‌పురా నుంచి మహబూబ్‌ను తెచ్చాడు. సంచి వెతికాడు. దుకాణం వెతికాడు. డిస్క్ లేదు.

మహబూబ్‌కు అరవై ఒకటి. గురువారం భార్య అక్తరున్నీసాతో హజ్‌కు ప్రయాణం. ఏడేళ్లు దరఖాస్తు పెడితే ఇప్పటికి పేరు వచ్చింది. ఎఫ్‌ఐఆర్‌లో పేరెక్కితే ఆ ప్రయాణం ఏమవుతుందో ఆయనకు తెలుసు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆయనకు కుర్చీ ఇవ్వాలని నలభై మందిలో ఒక్కడికీ తోచలేదు.

“చాచా, ఈ డబ్బా ఇంతకుముందు చూసినవా?”

మహబూబ్ ఒక్కసారి భరద్వాజ్ వైపు చూసి తల దించుకున్నాడు.

“చెప్పనని ఒకరికి జబాన్ ఇచ్చిన మేడం. చెప్పరాదు.”

“ఎవరికి?”

మహబూబ్ సంచి మూతి బిగించుకున్నాడు.

“చూశారా, తప్పించుకుంటున్నాడు,” అన్నాడు భరద్వాజ్. “ఎఫ్‌ఐఆర్ రాయండి మేడమ్.”

ఉదయశ్రీ ఆ రేకు డబ్బాను వెనక్కి తిప్పింది. ఇంతమందీ వీరుడి ఛాతీ చూసి మురిసినవాళ్లే, వీపు చూసినవాడు లేడు. తర్వాత ప్లేయర్ దగ్గరకు వెళ్లి, వంగి, దాని వెనక ఫోన్ టార్చ్ కొట్టింది. లేచి అందరినీ కూర్చోమంది.

“భరద్వాజ్, ఆ సీను ఏ మిషన్ల చూసినవ్?”

“ఇందులోనేనండి. నాకున్నది ఇదొక్కటే.”

“ఎన్నిసార్లు?”

“మూడుసార్లు.”

“డబ్బా వెనక భూగోళం బొమ్మల ‘ఏ’ అని ఉంది. మిషన్ వెనక ‘సి’ అని ఉంది. లక్ష్మీకాంత్, గిదేంది?”

లక్ష్మీకాంత్ డబ్బా అందుకుని చూశాడు.

“రీజియన్ కోడ్ మేడం. అమెరికాల అమ్మే డిస్క్ ‘ఏ’. మన దేశం మిషన్ ‘సి’. గా డిస్క్ గీ మిషన్ల నడవనే నడవది.”

“మరి మూడుసార్లెట్ల చూసినవ్?”

భరద్వాజ్ లక్ష్మీకాంత్ చేతిలోని డబ్బా లాక్కున్నాడు.

“నేను చెప్త,” అంది ఉదయశ్రీ. “గొప్పగ తెప్పించుకున్నవ్. నడవలే. మిషన్ ఖరాబైందని చాచాను పిలిచినవ్. ఆయన సంగతి చెప్పిండు. ఎవ్వరికి చెప్పొద్దని మాట తీస్కున్నవ్. ఆ ఏడుపు సీను నీ సొంతంగ అల్లి రాసినవ్. ఇయ్యాల నలుగురి ముందట పెడ్తే ఇజ్జత్ పోతది. అందుకే డిస్క్ పోవాలె. నిజం తెలిసినోడే దొంగ కావాలె.”

“అంతా మీ ఊహ. అయితే డిస్క్ ఏదండీ?”

“దొంగయితే సంచిల పడేస్తడు. నువ్వు గీత పడనియ్యవు. ఇంకో డబ్బాలనే పెడ్తవ్.”

ఆమె బీరువా తెరిచి వరుసల మీద వేలు నడిపించింది. ప్లాస్టిక్, ప్లాస్టిక్, ప్లాస్టిక్. నాలుగో అరలో ఒక డబ్బాకు కవర్ బ్లేడుతో కోసి ఉంది. తెరిచింది. లోపల రెండు డిస్కులు, పైది పోయిందన్నదే. గీత పడకుండా మధ్యలో మెత్తటి గుడ్డ.

మహబూబ్ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. “సచ్ హై మేడం, మీరన్నది నిజమే. రెండేండ్ల కింద జబాన్ ఇచ్చిన.”

గది ఒక్కసారి గోలగోల అయింది. ఆ ముసలాయన గురించి కాదు. అసలు ఆ పదకొండు నిమిషాలు ఉన్నాయా లేవా అని. ఉన్నాయని సగం మంది, లేవని సగం మంది. ఉదయశ్రీకి వాళ్లను చూస్తే అసహ్యం వేసింది.

“చాచా, ఏం చేద్దాం ఈయన్ని?”

“అల్లా ఇంటికి పోయేటోన్ని, మనసుల కోపం పెట్టుకొని పోను. మాఫ్ చేసిన,” అన్నాడు మహబూబ్. భరద్వాజ్ ముందుకు వచ్చి నిలబడితే, అతని చెయ్యి పట్టుకున్నాడు. “తప్పైందని ఒక్క మాట అను బాబూ. చాలు.”

భరద్వాజ్ ఆయన భుజం మీదుగా ఉదయశ్రీ చేతిలోని డిస్క్ వైపు చూశాడు.

“మేడమ్, కొంచెం అంచులు పట్టుకోండి. వేలిముద్రలు పడతాయి.”

ఉదయశ్రీ డిస్క్‌ను కవర్లో వేసి సీలు చేయించింది. కైలాసానికి కాగితాలు అందించింది.

“తప్పుడు ఫిర్యాదు కేసు రాయి.”

“మేడమ్, ఆయన క్షమించేశాడు కదండీ,” అన్నాడు భరద్వాజ్.

“ఆయన హజ్‌కు పోతుండు. నేను పోతలేను.”