తొంభై ఆరో గుంట

"సాయంత్రం నాలుగింటికి ట్రక్కు కదులుతుంది," అన్నాడు బాస్. "రెండు లక్షల టెస్ట్ కిట్లు. అన్నీ బ్లడ్ బ్యాంకులకే. ఈ కిట్లు పరువు పోగొట్టుకుంటే తమ కిట్లు దింపాలని ఓ పరాయి ముఠా కాచుక్కూర్చుంది. ల్యాబ్ లోపల ఏదో చేసింది. ఏం చేసిందో తెలీదు."

"లోపల మనవాళ్ళెవరు?"

"క్వాలిటీ ఆఫీసర్. కోడ్ పేరు సీతాకోక. చూస్తే కళ్ళు తిప్పుకోలేవు. తిప్పుకో."

ఏజెంట్ ఫ్రీజర్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దిగాడు. జేబులో పెన్ కెమెరా, చేతిలో రెంచి. ఫ్రీజర్ల గురించి అతనికి తెలిసింది తలుపు తెరవడం వరకే.

సీతాకోక కారిడార్‌లో ఎదురైంది. ఆమె ఒంటిమీద తెల్లకోటు కూడా పెళ్ళిబట్టలా ఉంది.

"వాన పడేలా ఉంది."

"గొడుగు ఇంట్లో మరిచాను."

కోడ్ సరిపోయింది. "అన్నీ చెక్ చేశాను. కిట్లు క్లీన్. వెళ్ళి రిపోర్ట్ రాసుకో," అందామె.

అతను వెళ్ళలేదు. ఎవరినీ నమ్మకపోవడం అతని ఉద్యోగం. సెలవు రోజుల్లో కూడా అది మానలేకపోవడం అతని జబ్బు.

లోపల డాక్టరమ్మ ఆఖరి చెకింగ్‌లో ఉంది. రక్తంలో నక్కి కాలేయాన్ని తినే వైరస్‌ను పట్టే ఈ పరీక్షకు ఆవిడ ఇరవై రెండేళ్ళు ధారపోసింది.

"ఫ్రీజర్ సంగతి తర్వాత, నాయనా. ముందు మా అల్లుడు లేస్తాడో లేదో చూడు," అంది స్క్రీన్ చూపిస్తూ.

తప్పకుండా పాజిటివ్ చూపాల్సిన నమూనాకు ఆ ల్యాబ్‌లో పెట్టుకున్న పేరు అల్లుడు. వాడు అలిగితే పరీక్ష చెల్లదు. గీత నిటారుగా లేచింది.

"అలగలేదు," అని నవ్వి, ఆవిడ నమూనాలు పోసిన ప్లేట్‌లో చివరి గుంట ఫలితం చూసింది. తొంభై ఆరోది. గీత నేలకంటుకుని ఉంది. నెగటివ్. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"అది నా రక్తం," అంది. "పద్నాలుగేళ్ళ కిందట ఈ పనిలోనే సూది గుచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. ప్రతి బ్యాచ్‌లో ఆఖరి గుంట నాదే. ఎప్పుడూ లేచేది. ఇవాళ... పోయింది నాయనా! నా లోపల ఎవరూ లేరు!"

టైం మూడూ యాభై. ఏజెంట్ ఎందరినో ప్రశ్నించాడు. ఆశతో వెలిగే ముఖాన్ని ప్రశ్నించడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ వెలుగు దానంతటదే ఆరిపోయింది.

"పూర్తిగా నయం చేసే మందే లేని రోగం ఎలా పోతుంది?" అంది మెల్లగా. "నేను బాగుపడలేదు. టెస్టే అబద్ధమాడుతోంది. వైరస్‌ను పట్టే రసాయనాన్నీ, అదే రీజెంట్‌నీ, అల్లుణ్ణీ కలిపి మార్చేశారు. వాళ్ళ రీజెంట్‌కి వాళ్ళ అల్లుడే లేస్తాడు. రోగి రక్తం ఎన్నటికీ లేవదు. ఆ సీసాల తాళం క్వాలిటీ ఆఫీసర్ దగ్గరుంటుంది."

మూడూ యాభై తొమ్మిదికి ఏజెంట్ గేటు దగ్గర ట్రక్కుకు అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవర్ పక్క సీట్లో సీతాకోక. బేడీలు పడ్డాక కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు.

"అల్లుడు లేచాడు కదా! ఎలా దొరికాను?"

"ఇంట్లో మనిషి లేవలేదు."

ఆరింటికి డాక్టరమ్మ అసలు రీజెంట్‌తో మళ్ళీ పరీక్ష చేసింది. తొంభై ఆరో గీత ఎప్పటిలాగే లేచింది. ఆవిడ రిజిస్టర్‌లో రాసింది: 'పరీక్ష సక్రమం.'

బాస్ ఫోన్ చేశాడు. "రిజల్ట్?"

"పాజిటివ్, సర్."

"శభాష్! ఆవిడకి కంగ్రాట్స్ చెప్పు."

ఏజెంట్ ఫోన్ జేబులో పెట్టుకుని రెంచి అందుకున్నాడు.

ఆవిడే తలెత్తింది. "ఇంతకీ ఫ్రీజర్ బాగు చేస్తావా, నాయనా? అసలది నీకు చేతనవునా?"