ఖాళీగా వచ్చిన డబ్బా

ఢిల్లీలో చల్లటి గదుల్లో కూర్చుని ఈ టికెట్లు మంజూరు చేసిన దొరలారా, తప్పు మీదే! కాపాడవలసిన మనిషిని విమానం ముక్కు దగ్గర కూర్చోబెట్టారు. కాపలావాణ్ణి తోక దగ్గర పడేశారు. మధ్యలో తెర కట్టారు.

"తెర వెనకనుంచి కాపలా ఏంటి సార్?" అని ఏజెంట్ ఉదయ్‌కుమార్ బ్రీఫింగ్‌లోనే అడిగాడు.

"మీ ర్యాంకుకి ఎకానమీయే. రూలు," అన్నాడు చీఫ్. "ముందు సీట్లో మన ఏజెంటే, నాగవల్లి ఉంటుంది. అంతా క్షేమమైతే కోడ్ పంపుతుంది: చెరువు గట్టున ఎండ కాస్తోంది."

1998. సింగపూర్ నుంచి మద్రాసు. బిజినెస్ క్లాసులో భీమవరం రొయ్యల రైతు విశ్వనాథరాజు, ఆయన ఒళ్ళో ఐసు ఫ్లాస్కు, అందులో చిటికెనవేలంత సీసా. రొయ్యపిల్లల్లో తెల్లమచ్చల వైరస్‌ని బయటపెట్టే మందు అది. రోగపు పిల్లల్ని అమ్ముకునే విదేశీ ముఠా ఆ సీసాని మార్చేయాలని చూస్తోంది. మారిందా, రోగమున్న పిల్ల కూడా పరీక్ష నెగ్గేస్తుంది. భీమవరం నుంచి మొగల్తూరు దాకా చెరువులన్నీ చచ్చిన రొయ్యలతో నిండిపోతాయి.

ఉదయ్‌ది నరసాపురం లేసు వ్యాపారి వేషం. వలలు అల్లే ఇంట్లో పుట్టినవాడికి అదో లెక్కా? బ్యాగులో లేసు చుట్ట, దాని లోపల ఏనుగుని కట్టినా తెగని తీగ.

సింగపూర్ హోటల్లో ఉదయ్‌దీ, రాజుగారిదీ ఎదురెదురు గదులు. ఉదయ్ తల్లి తలుపులమ్మ కట్టిచ్చిన రొయ్యల పచ్చడి స్టీలు డబ్బాలో రాజుగారి గదికి వెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడు అందులో చాక్లెట్టో, కమలాపండో ఉండేది. ఏమీ దొరకని రోజు టీ ట్రేలోని పంచదార పొట్లం.

"పంచదారెందుకండీ రాజుగారూ?"

"ఖాళీ గిన్నె తిప్పి పంపానంటే, పోయిన మా అమ్మ దిగొచ్చి మరీ మొట్టికాయ వేస్తుందండీ!"

విమానం ఎక్కేటప్పుడు ఆ రాజుగారే గొణిగాడు. "మీరు తెర దాటి రాకూడదటండి. ముందున్నవాడే వెనక్కి రావాలట. ఇదెక్కడి మర్యాదండీ బాబూ, వచ్చినోణ్ణి వీధిలో నిలబెట్టి! భోజనాలయ్యాక నేనే వస్తా. పచ్చడి మాత్రం పంపండి, వీళ్ళ కూడు ఉత్త చప్పిడి."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు ఉదయ్.

పచ్చడి వెళ్ళింది. భోజనాలయ్యాయి. ట్రేలు తీసేశారు. రాజుగారు రాలేదు.

ఉదయ్ కాలు ఆగడంలేదు. లేచాడు. ఎయిర్ హోస్టెస్ చెయ్యి అడ్డం పెట్టింది. "సర్, ఇటు మీ క్లాస్ కాదు." కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. మళ్ళీ అదే చెయ్యి, అదే నవ్వు. చెరువులు చచ్చినా సరే, తెర మాత్రం నలగకూడదన్నమాట!

విమానం దిగడం మొదలెట్టింది. ఎయిర్ హోస్టెస్ డబ్బా తెచ్చింది.

"ముందు సీటు మేడమ్ ఇచ్చారు సర్. రాజుగారు పచ్చడంతా తిని నిద్రపోయారట. చెరువు గట్టున ఎండ కాస్తోందని చెప్పమన్నారు."

ఉదయ్ మూత తీశాడు. శుభ్రంగా కడిగిన డబ్బా. తళతళా మెరుస్తోంది. లోపల పంచదార పొట్లం కూడా లేదు.

కోడ్ క్షేమమంటోంది. డబ్బా కాదంటోంది. ఉదయ్ డబ్బానే నమ్మాడు.

"సర్! ఆగండి సర్!"

ఆగలేదు. తెరని చేపలబుట్ట మీది గోనెలా లాగి అవతల పారేశాడు. రాజుగారు నోరు తెరుచుకుని మత్తుగా పడివున్నాడు, పక్కన సగం తాగిన జ్యూస్. పక్క సీటు ఖాళీ. ఎదురుగా టాయ్‌లెట్ తలుపు మూసుకుంటోంది.

ఆ సందులోకి డబ్బా దూర్చాడు. స్టీలు కిర్రుమంది. తలుపు ఆగింది.

లోపల నాగవల్లి. నెమలికంఠం రంగు పట్టుచీర, ముత్యాల దండ, చేతిలో మూత తీసిన సీసా, సింకు పక్కన అచ్చం అలాంటిదే నకిలీది. సింకు మీదికి వంచబోతోంది.

"ఎకానమీవాడివి! నీకిక్కడేం పని?"

"డబ్బాలో ఏదన్నా వెయ్యడం మర్చిపోయారండి మేడమ్. అడిగి పట్టుకెళ్దామని."

మణికట్టు పట్టేశాడు. ఒక్క చుక్క జారింది, అంతే. చక్రాలు నేలకి తగిలేసరికి నాగవల్లి చేతులకి నరసాపురం లేసు, ఫ్లాస్కులో అసలు సీసా.

ఉదయ్ రిపోర్టు రాయలేదు. అదే డబ్బాలో అమ్మ పచ్చడి నింపి, మూతమీద చీటీ అంటించి, చీఫ్‌కి పంపాడు:

"నాగవల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టినోడి రాజీనామా ఇందులో పెట్టి పంపండి. ఈ వారంలోనే. ఇకమీదట కాపలావాడి సీటు కాపాడే మనిషి పక్కనే ఉండాలి. డబ్బా ఖాళీగా వచ్చిందో, నేనే వస్తాను. తెరలు దాటడం అలవాటైపోయిందండి."